అనుమానమే ప్రమాణమగునా?

కృత్రిమ మేధ అను మాట నేడు పిల్లల నోటను పెద్దల నోటను ఒకే తీరుగ వినవచ్చుచున్నది. పెండ్లి పందిరిలోను, బ్యాంకు వరుసలోను, దేవాలయ మంటపమునందును దాని ప్రసక్తి రాని దినము లేదు. కొందరు దానిని కల్పవృక్షమందురు; కొందరు భస్మాసురుడందురు. ఈ రెండు మాటలును కాలక్షేపమునకు బాగుగనే యుండును గాని, మన యింటి బియ్యపు డబ్బాకు వాని వలన కలుగు ప్రయోజనము లేదు. మేము ఇచ్చట విచారింప దలచినది ఇంతకంటె చిన్న ప్రశ్న. ఒక యంత్రము లక్షలకొలది కాగితములను ఒకదానితో నొకటి పోల్చి చూచి, ఈ మనిషి అనర్హుడై యుండవచ్చునని తేల్చినయెడల, ఆ ఒక్క మాటను ఆధారము చేసికొని అతనికి రావలసిన దానిని ఆపివేయుట న్యాయమా?

ప్రశ్న చిన్నదే యైనను, తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనవంటి తెలుగు కుటుంబములకు ఇది ఒకింత దగ్గరి ప్రశ్న. ఎందుచేత దగ్గరయో ముందు ముందు తెలియగలదు.

మొదట ఈ విద్య స్వరూపమేమో చూతము. డేటా సైన్సు అనినను, కృత్రిమ మేధ అనినను, మూలమున జరుగునది ఇది: గడచిన సంగతులను లెక్కకు మిక్కిలిగ ప్రోగుచేసి, వానిలో ఏది ఉన్నచోట ఏది ఉండుచున్నదో యంత్రముచేత గుర్తింపజేసి, ఆ గుర్తును క్రొత్త సంగతిపై ప్రయోగించుట. మన పెద్దలు దీనికి ఏనాడో పేరు పెట్టి యుంచిరి. ఆ పేరు అనుమానము. శాస్త్రమున అనుమానమనగా తెలిసిన దానినుండి తెలియని దానిని గ్రహించు మార్గము. అది నాలుగు ప్రమాణములలో నొకటి. మన వాడుకలో మాత్రము అనుమానమనగా శంక. ఒకే మాటకు ఈ రెండర్థములు ఎట్లు కలిగెనో భాషావేత్తలు చెప్పవలెను గాని, ఈ యంత్రముల పనిని చూచినప్పుడు మన వాడుక తెలివితక్కువ వాడుక కాదనిపించును.

తర్కసంగ్రహము రచించిన అన్నంభట్టు మన ఆంధ్రుడే. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పు కలదని గ్రహించు ఉదాహరణము ఆ గ్రంథమును చేతబట్టిన ప్రతి విద్యార్థికిని తెలిసినదే. వంటయింటిలో పొగయు నిప్పును కలిసి యుండుటను పలుమారులు చూచి యున్నాము గనుక కొండమీదను అట్లే యుండునందుము. దానికి వ్యాప్తి యని పేరు. కాని తార్కికులు అంతటితో ఊరకుండలేదు. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ యుండునా? ఉండదు. ఎఱ్ఱగ కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. పచ్చికట్టె కలిసినప్పుడే పొగ పుట్టును. ఈ పచ్చికట్టె వంటి దానికి ఉపాధి యని పేరుపెట్టి, ఉపాధిని గమనింపని అనుమానము దోషము గలదని వారు నిర్ణయించిరి. యంత్రమునకు పొగ తెలియును, నిప్పు తెలియును. పచ్చికట్టె సంగతిని మాత్రము ఎవరైన దానికి చెప్పవలసి యున్నది.

ఇట్లన్నంత మాత్రమున, నిశ్చయము కాని జ్ఞానము పనికిరానిదని మా అభిప్రాయము కాదు. అట్లనినచో మనవారిలోని ఒక మహనీయునకు అపచారము చేసినవారమగుదుము. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో, నేటి కర్ణాటకములోని హడగలియందు, తెలుగు కుటుంబమున ఎనిమిదవ సంతానముగ జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలో మహలనోబిస్ గారు స్థాపించిన గణాంక శాస్త్ర సంస్థలో చేరి, 1945లో ప్రచురించిన ఒక్క వ్యాసముతో ప్రపంచములోని గణాంక శాస్త్రజ్ఞులందరి నోట నిలిచిరి. ఉన్న ఆధారములనుండి పక్షపాతము లేక కట్టిన అంచనా ఎంత మేలైనదైనను, దానిలోని ఊగిసలాట ఒక మేరకు దిగువకు పోజాలదని ఆ వ్యాసము నిరూపించినది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును పొంది, అదే సంవత్సరము ఆగస్టు 22న నూటరెండేండ్ల వయస్సున ఆయన పరమపదించిరి. తెలియనితనమునకును కొలత కలదు, ఆ కొలత తెలిసినప్పుడే అనిశ్చిత జ్ఞానము పనికివచ్చు జ్ఞానమగును అనునది ఆయన జీవితకాలపు బోధ. నేటి యంత్రములన్నియు ఇట్టి విద్య పునాదిమీద లేచినవే. పై అంతస్తులలో కాపురమున్నవారు పునాదిని మరచుటయే చిక్కు.

ఈ విద్యచే కలిగిన మేలునకు ఒక ఉదాహరణము చెప్పెదము. చక్కెరవ్యాధి గలవారికి కంటి లోపలి పొర దెబ్బతినుట కలదు. మొదటి దశలో రోగికి ఏమియు తెలియదు. తెలిసినప్పటికి చూపు పోవును. లోపలి పొరను ఫోటో తీసి వైద్యుడు చూచినచో ముందే పసికట్టవచ్చును. కాని చక్కెరవ్యాధిగ్రస్తులు కోట్లమంది, చూడగల వైద్యులు కొద్దిమంది. 2016లో గూగుల్ వారి పరిశోధకులు 1,28,175 ఫోటోలను యంత్రమునకు చూపి, వ్యాధి గుర్తులను పసికట్టుటను నేర్పిరి. ఆ ఫోటోలను పరీక్షించి తీర్పు చెప్పినవారు 54 మంది నేత్రవైద్యులు. ఒక్కొక్క ఫోటోను మూడు మొదలు ఏడుమార్ల వరకు పరీక్షించిరి. ఫోటోలనిచ్చిన వారిలో మన దేశపు ఆసుపత్రులు మూడు కలవు: మధుర అరవింద నేత్రాలయము, చెన్నపట్టణపు శంకర నేత్రాలయ, బెంగుళూరి నారాయణ నేత్రాలయ. ఈ గ్రంథము చదువువారిలో పలువురి కన్నులు ఈ మూడింటిలో ఏదో యొక చోట పరీక్షింపబడియే యుండును!

ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి కలదు. కంటి యంత్రము ఒకనిపై అనుమానపడినచో ఏమగును? అతనిని వైద్యుని యొద్దకు పంపుదురు. అనుమానము తప్పైనచో అతనికి పోవునది ఒక పూట, బస్సు ఛార్జీ. యంత్రము శంకించినవానికి ఒక తలుపు తెరువబడుచున్నది. వ్యాధి యున్నవానిని యంత్రము విడిచివేసినచో నష్టము పెద్దదే; అందుచేతనే వారు దానిని కొంచెము ఎక్కువగా అనుమానపడునట్లు అమర్చుకొనవచ్చును. ఆ ఎక్కువతనమువలన ఎవరి కంచమును ఖాళీ కాదు.

ఇప్పుడు బియ్యపు డబ్బాకు వత్తము.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము పేద కుటుంబమున మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగ రావలెను. తెలంగాణ రాష్ట్రములో ప్రభుత్వము వారు అనర్హులను ఏరివేయుటకై వివిధ శాఖల జాబితాలను ఒకచోట చేర్చి, సమగ్ర వేదిక అను యంత్ర వ్యవస్థను వినియోగించిరి. కారు గలవారి జాబితా ఒక శాఖలో నుండును. ఆస్తి గలవారి జాబితా మరియొక శాఖలో. రేషన్ కార్డుల జాబితా ఇంకొక శాఖలో. ఈ జాబితాలలోని ఏ పేరును ఏ పేరును ఒకే మనిషివో పోల్చి చూచి యంత్రము నిర్ణయించును. ఇట్టి ఏరివేతలో లక్షలకొలది కార్డులు, కార్డుదారులకు ముందుగ ఒక నోటీసైనను లేక, రద్దయినవి. విషయము సుప్రీంకోర్టునకు పోయినది. 2016 మొదలు రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మనుష్యులు స్వయముగ పోయి మరల విచారింపవలెనని 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము ఆజ్ఞాపించినది.

2024లో పత్రికలకెక్కిన ఒక ఉదంతము చాలును. రిక్షా త్రొక్కి జీవించిన ఒక పేదవాని పేరును, అతని పేరుకంటె ఒక్క మాట ఎక్కువగా గల మరియొకని పేరును, యంత్రము ఒక్కనివిగ భావించినది. రెండవవానికి కారు కలదు. కావున రిక్షావానికిని కారు కలదని తేలి, ఆ యింటి కార్డు పోయినది. ఆ యింటివారు కారు లేదని నిరూపించుకొనవలసి వచ్చినది. ఉన్నదానికి కాగితము చూపవచ్చును. లేనిదానికి కాగితము ఎచ్చటనుండి తెచ్చుట?

పోలికను గూర్చియు మన శాస్త్రకారులు చెప్పియే యున్నారు. గవయమనగా ఎట్టిదని అడిగినవానితో అడవివాడు, అది గోవును పోలియుండునని చెప్పును. అతడు అడవికి పోయి, గోవును పోలిన జంతువును చూచి, ఇది గవయమని గుర్తించును. అదియు ప్రమాణమే. ఐనను గోవును పోలియున్నదని గవయము క్రింద పాలచెంబు పెట్టినవాడు మాత్రము ఎవ్వడును లేడు.

మన కుటుంబములకు ఇది దగ్గరి ప్రశ్న యంటిమి గదా. పేరు విషయమున మనకున్నంత చిక్కు సొంతగడ్డమీద నున్న తెలుగువారికి లేదు. మన వాడుకలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత. తమిళనాట ఇంటిపేరున్న చోట తండ్రి పేరులోని మొదటి అక్షరము వచ్చి కూర్చుండును. మహారాష్ట్రమున మన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుస. షోలాపురపు నేతవారి యిండ్లలో దొడ్డిగుమ్మమునుండి వచ్చిన చుట్టమువలె ఇంటిపేరు చివరకు చేరినది. ఇక లిపుల సంగతి చెప్పనక్కరలేదు. తమిళ లిపిలో కకారమునకును గకారమునకును ఒకే అక్షరము గనుక మన గోపాలము కోపాలమై పోవచ్చును, గంగాధరము కంగాదరమై పోవచ్చును. ఒడియా వ్రాతలో మన వెంకటస్వామి బెంకటస్వామి యగుట కలదు. యానాంలో ఫ్రెంచివారి కాలపు రిజిస్టర్లయందు ఉకారమునకు ఓ, యు అను రెండక్షరములు వ్రాయుట వారి పద్ధతి; 1954 తరువాతి కాగితములలో ఇంగ్లీషు పద్ధతి. ఒకే సుబ్బారావు తాతగారికి రెండు వ్రాతలు. ఇవి యన్నియు ఇంగ్లీషులోనికి మారి కంప్యూటరులో చేరునప్పటికి, ఒక మనిషి నలుగురగుటయు, నలుగురు ఒక్కడగుటయు వింత కాదు.

దీనికి తోడు తాత పేరు మనవనికి పెట్టు మన ఆచారము. ఒకే యింట, ఒకే చిరునామాకు, ఒకే పొడి అక్షరముతో ఇద్దరు వేంకటేశ్వర్లు. అందొకరు కాలధర్మము చెందినచో, ఏ జాబితా ఏ వేంకటేశ్వర్లును చంపునో చెప్పలేము.

పేర్లను యాంత్రికముగ పోల్చు పద్ధతులలో పాతది యొకటి 1918లో అమెరికాలో పేటెంటు పొందినది. సౌండెక్స్ అని దాని పేరు. ఇంగ్లీషు హల్లులను ఆరు తెగలుగ విభజించి, మొదటి అక్షరము నట్లే యుంచి, తక్కిన హల్లులకు అంకెలు వేసి, అచ్చులను విడిచిపెట్టుదురు. మేము కాగితముపై మన పేర్లకు ఆ లెక్క కట్టి చూచితిమి. రాము, రామయ్య, రాణి ముగ్గురికిని ఒకే గుర్తు వచ్చినది. గోపాలునకును, తమిళ వ్రాతనుండి మారిన కోపాలునకును మాత్రము వేరువేరు గుర్తులు వచ్చినవి, మొదటి అక్షరము వేరు గనుక. కలుపవలసిన వారిని విడదీసినది, విడదీయవలసిన వారిని కలిపినది! నేటి యంత్రములు ఇంతకంటె ఎంతయో సూక్ష్మమైనవి, సందేహము లేదు. ఐనను ఏ చెవులకు వినిపించు పేర్లతో అవి పాఠము నేర్చుకొన్నవో ఆ చెవులతోనే వినును.

ఇంకొక లెక్క చెప్పెదము. ఇది ఊహించి చెప్పునది. ఏ రాష్ట్రపు లెక్కయు కాదు. పది లక్షల కార్డులు కలవనుకొందము. వానిలో నూటికి ఒకటి దొంగకార్డు, అనగా పదివేలు. నూటికి తొంబదియైదు మార్లు సరిగ చెప్పు మంచి యంత్రమును తెచ్చితిమి. అది పదివేల దొంగకార్డులలో 9,500 పట్టుకొనును. భేషు. కాని తక్కిన 9,90,000 మంచి కార్డులలో నూటికి అయిదు చొప్పున, 49,500 కార్డులను గూడ దొంగవనును. పట్టుబడిన మొత్తము 59,000. అందు నూటికి ఎనుబదినాలుగు నిరపరాధులవి. తొంబదియైదు పాళ్ళు సత్యము పలుకు యంత్రము వ్రేలు చూపిన ప్రతి ఆరుగురిలో అయిదుగురు మంచివారన్నమాట. ఈ లెక్కకు కాలేజీ చదువు అక్కరలేదు, మెట్రిక్యులేషను చాలును.

దీనికి ఎదురువాదము కలదు. అది తేలికగ త్రోసివేయదగినది కాదు. దొంగకార్డులు లేవా? ఉన్నవి. అనర్హుడు తిను ప్రతి గింజయు ఎవరిదో పేదవానిదే కదా. మనుష్యులు విచారించిన కాలమున న్యాయము పొంగిపొరలెనా? పొరలలేదు. ఉత్తరప్రదేశమున ఆజంగఢ్ జిల్లా వాస్తవ్యుడు లాల్ బిహారీ అను రైతు 1976లో రెవెన్యూ కాగితములలో చనిపోయినవాడుగ వ్రాయబడి, తాను బ్రదికియున్నానని ఒప్పించుకొనుటకు 1994 వరకు పోరాడెను. ఆ వ్రాత వ్రాసినది కలమే, కంప్యూటరు కాదు. యంత్రమునకు బంధుప్రీతి లేదు, కులము తెలియదు, టేబులు క్రింద చేయి చాపదు. ఈ మాటలన్నియు నిజమే. మా ఉద్యోగ జీవితమంతయు ఫైళ్ళ నడుమ గడచినది గనుక, మనుష్యుల కలము ఎంత వంకర పోగలదో మాకును తెలియును.

ఐనను లాల్ బిహారీ పోరాడుటకు ఎదుట ఒక మనిషి యుండెను. కార్యాలయములలో గుమాస్తా నోటు వ్రాయును. అధికారి దానిని చదివి ఉత్తరువు చేసి సంతకము పెట్టును. నోటు ఉత్తరువు కాదు. గుమాస్తా ఎంత గట్టిగ వ్రాసినను, ఎదుటి పక్షమునకు నోటీసు పోయి, సమాధానము వచ్చి, అది ఫైలులో చేరిన పిమ్మటనే సంతకము. ఈ ఆలస్యమును జనులు ఎర్రటేపు అని తిట్టుదురు. చాలవరకు ఆ తిట్టు న్యాయమైనదే. కాని ఆ ఆలస్యములో ఒక చిన్న భాగము, అవతలివాని మాట వినుటకు పట్టు కాలము. యంత్రము వచ్చి ఆలస్యమునంతను తుడిచివేయుచు దీనిని గూడ తుడిచివేసినది. యంత్రము వ్రాసినది నోటే. దానిని ఉత్తరువుగ చలామణి చేసినవారు మనుష్యులు. తరువాత ప్రశ్నించినచో, కంప్యూటరు తీసివేసినది అను జవాబు వచ్చును. కంప్యూటరు తీసివేయదు. కంప్యూటరు చెప్పినచో తీసివేయవచ్చునని ఎవరో ఒకనాడు ఒక గదిలో కూర్చుండి నిర్ణయించిరి. ఆ నిర్ణయము క్రింద ఎవరిదో సంతకము ఉండియే తీరవలెను.

ఇది మన దేశమునకే పట్టిన తెగులు కాదు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వము వారు పేదలకిచ్చిన భృతిలో ఎక్కువ తీసికొన్నవారిని పట్టుటకు 2016 మొదలు ఒక యాంత్రిక పద్ధతిని పెద్దయెత్తున నడపిరి. జనులు దానికి రోబోడెట్ అని పేరుపెట్టిరి. ఏడాది ఆదాయమును 26 పక్షములతో భాగించి, ప్రతి పక్షమునను ఆ మనిషి అంతే సంపాదించెనని లెక్క కట్టుట అందలి పద్ధతి. మూడు నెలలు పనిచేసి తొమ్మిది నెలలు పనిలేక భృతి తీసికొన్న కూలివాడు, ఆ లెక్కలో ఏడాది పొడవునను సంపాదించుచు ప్రభుత్వమును మోసగించినవాడయ్యెను. కోతల కాలమున కూలి, ఎండల కాలమున పస్తు అను సంగతి మన పల్లెలో పశువులకాపరికి గూడ తెలియును! బాకీ లేదని నిరూపించు భారము బాకీదారుని నెత్తిన పడెను. 2019లో ఆ దేశపు న్యాయస్థానమున ఈ పద్ధతి నిలువలేదు. 2023 జూలైలో విచారణ సంఘము దానిని తీవ్రముగ గర్హించినది. ఆ యంత్రము గొప్ప మేధ గలదియు కాదు. అది చేసినది భాగహారమే. కావున యంత్రమునకు తెలివి పెరిగినకొలది ఈ చిక్కు తానై తీరునని తలంచుట పొరపాటు. చిక్కు తెలివిలో లేదు, ఋజువు భారము ఎవరిమీద పెట్టితిమన్న దానిలో నున్నది.

మా మతము ఇది. యంత్రపు అనుమానము ఇచ్చుటకైనచో దానిని వెంటనే నమ్మవచ్చును. తీసివేయుటకైనచో అది విచారణకు ఆరంభము మాత్రమే. విచారణ ముగియువరకు బియ్యము ఆగరాదు. కారణమేమో ఆ మనిషికి తెలియు మాటలలో చెప్పవలెను: నీకు కారు కలదని మాకు తోచినది, ఆ కారు నంబరు ఇది, నీదేనా? అని. ఈ ఒక్క ప్రశ్న అడిగియుండినచో రిక్షావాని ఇంట పొయ్యి ఆరియుండెడిది కాదు. దీనికి ఖర్చగునందురు. అగును. న్యాయస్థానము చెప్పిన పిమ్మట ఇంటింటికిని మనుష్యులను పంపక తప్పలేదు గదా. ఆ ఖర్చు ముందే పెట్టవలసినది.

తెలియు మాటలలో అనినప్పుడు మన పెద్దలు జ్ఞప్తికి వత్తురు. మన పిల్లలు కన్నడమును, తమిళమును, మరాఠీని, ఒడియాను చక్కగ చదువుదురు, అందుకు సంతోషమే. ఇంటనున్న అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ భాషలను మాటలాడగలరు గాని నోటీసు చదువలేరు. తన కష్టమును విన్నవించుకొనువాడు కేంద్రములోగాని ఆ రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చునని మన రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. ఈ సంగతి తెలిసినవారు మనలో తక్కువ. తమ వివరములలోని తప్పును దిద్దించుకొను హక్కు 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునందును వ్రాయబడి యున్నది.

మన తెలుగు సంఘములు ఉగాదికి కవి సమ్మేళనమును, సంక్రాంతికి ముగ్గుల పోటీలను జరుపుచున్నవి, జరుపవలసినదే. దానితోపాటు నెలకొక ఆదివారము ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి, చదువుకొన్న యువకు నొకనిని కూర్చుండబెట్టినచో బాగుండును. వృద్ధులు తమ కాగితములన్నియు తెచ్చుకొందురు: రేషన్ కార్డు, ఆధారు, పింఛను పుస్తకము, పాత ఇంటిపన్ను రసీదు. ఏ కాగితమున పేరు ఏ తీరుగ నున్నదో ఆ వ్రాతలన్నిటిని ఒకే తావుమీద వరుసగ వ్రాసి, ఇవి యన్నియు ఒక్క మనిషి పేరే యని తేదీతో వ్రాయించి, ఒక ప్రతి వారి చేతికిచ్చి, ఒకటి సంఘపు బీరువాలో నుంచవచ్చును. తాత పేరు పెట్టిన మనవలకు పొడి అక్షరముతో సరిపెట్టక, జనన పత్రమునందే ఇంటిపేరు పూర్తిగ వ్రాయించుట మంచిది. ఇంటిపేరును ఆ రాష్ట్రపు లిపిలో ఎట్లు వ్రాయవలెనో ఇంటిల్లిపాది ముందు కూర్చుండి ఒక్కమాట అనుకొని, ఆ వ్రాతనే అందరును పాటింపవలెను.